వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ అయ్యారా? పక్షపాతం మాట పడకుండా నడిపే పద్ధతి

గ్రూపుల గురించి నన్ను ఎవరేమడిగినా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరే ఆగుతారు: "ఫలానా ఆయన్ని తీసేయొచ్చా?" అడిగేది అపార్ట్‌మెంట్ గ్రూపు అడ్మిన్ కావచ్చు, టెన్త్ బ్యాచ్ గ్రూపు అడ్మిన్ కావచ్చు, ఊరి గ్రూపును డల్లాస్‌లో కూర్చుని నడిపే కుర్రాడు కావచ్చు. తీసేయడానికి రెండు నొక్కులు చాలు. ఆ తర్వాత మిగతావాళ్లు "వాళ్ల మనిషి అంటే ఏమీ అనరు, మనం అంటే మాత్రం తీసేస్తారు" అనడం మొదలుపెడితే, దాన్ని ఆపే బటన్ మాత్రం వాట్సాప్‌లో లేదు.

కాబట్టి ఎవర్ని తీసేయాలన్నది కాసేపు పక్కన పెట్టి, తీసేసినా ఉంచినా అందరూ ఒప్పుకునేలా ఎలా చేయాలో చూద్దాం. ఉదాహరణలన్నీ అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచే ఇస్తున్నాను. గొడవలు అక్కడే ఎక్కువ, పైగా తిట్టుకున్నవాళ్లు సాయంత్రానికి ఒకే లిఫ్ట్ ఎక్కాలి. మీది వేరే గ్రూపయితే పేర్లు మార్చుకోండి.

ముందుగా కావలసినవి

- మీరు కాక కనీసం ఇంకో ఇద్దరు అడ్మిన్లు
- ఐదారు నియమాలు, ఒక్కోటి ఒక్క వాక్యంలో
- అడ్మిన్లకు మాత్రమే ఉండే చిన్న గ్రూపు
- నోటీసులకు మాత్రమే వేరే గ్రూపు (ఎందుకో 4వ మెట్టులో చెబుతాను)
- చేసిన ప్రతి పనినీ రాసుకునే ఒక పట్టిక. ఫోన్లో షీటయినా సరే, పాత డైరీ అయినా సరే

వాట్సాప్ సంస్థే చూసుకుంటుందిలే అని కూర్చోవద్దు. మెసేజ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి ఎవరైనా రిపోర్ట్ కొడితే తప్ప గ్రూపులో ఏం జరుగుతోందో వాళ్లకు కనబడదు. మీ గ్రూపు వరకు పెద్దరికం మీదే.

1. గ్రూపు ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి

గ్రూపు పేరు మీద నొక్కితే డిస్క్రిప్షన్ వస్తుంది. అక్కడ రాయండి: "ఈ గ్రూపు మన అపార్ట్‌మెంట్ నిర్వహణ గురించి: నీళ్లు, కరెంటు, లిఫ్ట్, పార్కింగ్, సెక్యూరిటీ, లెక్కలు." గుడ్ మార్నింగ్ పువ్వులు, రాశిఫలాలు, చీరల అమ్మకాలు ఉండొచ్చో లేదో కూడా అక్కడే తేల్చేయండి. నన్నడిగితే అమ్మకాలకు వారానికి ఒక రోజు ఇవ్వడం మంచిది. పూర్తిగా వద్దంటే దొంగచాటుగా పెడతారు, అప్పుడు ఒకరి పచ్చళ్లు పోయి ఇంకొకరి చీరలు మిగిలాయని కొత్త తగువు వస్తుంది.

2. అడ్మిన్లను ఒకే వర్గం నుంచి తీసుకోవద్దు

కమిటీ ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ ముగ్గురే అడ్మిన్లుగా ఉన్న గ్రూపులో కమిటీ మీద ఎవరు నోరెత్తినా, ఆ మెసేజ్‌ను చూసి తేల్చేది కమిటీయే. వాళ్లెంత మంచివాళ్లయినా అది కుదరదు. ముగ్గురిలో ఒకరు కమిటీ మనిషి, ఒకరు కమిటీతో సంబంధం లేని ఓనరు, ఒకరు అద్దెకుండేవాళ్లు ఉండేలా చూడండి. ముగ్గురిలో కనీసం ఒక్క ఆడమనిషి ఉండాలి. రాత్రి పదకొండింటికి పర్సనల్‌గా పిచ్చి మెసేజ్‌లు పెడుతున్నాడని చెప్పుకోవడానికి మగ అడ్మిన్ల దగ్గరికి చాలామంది రారు. మీ దాకా రాలేదని మీ గ్రూపులో అలాంటిది లేదనుకోకండి.

ఇంకో సంగతి. గ్రూపు మొదట సృష్టించిన మనిషిని మిగతా అడ్మిన్లు తొలగించలేరు, ఆయన తనంతట తాను బయటికి వెళ్తే తప్ప. ఫ్లాటు అమ్మేసి వెళ్లిన పాత సెక్రటరీ ఇంకా అడ్మిన్‌గా ఉంటే ఆయన్ని అడిగి పంపించండి. ఒప్పుకోకపోతే కొత్త గ్రూపు పెట్టుకోవడం తప్ప దారి లేదు.

3. నియమాలు రాయండి, విశేషణాలు వద్దు

"అసభ్యంగా మాట్లాడరాదు", "గౌరవంగా మెలగాలి" అని రాస్తే ఏది అసభ్యమో తేల్చడం అడ్మిన్ మూడ్ మీద ఆధారపడుతుంది. చేసిన పని చూడగానే అవునో కాదో తెలిసేలా రాయండి. ఇది వాడుకోండి:

నియమం 1: గ్రూపు పనికి సంబంధం లేని ఫార్వర్డ్‌లు వద్దు.
నియమం 2: పని మీద, ఖర్చు మీద, నిర్ణయం మీద ఎంత గట్టిగానైనా అడగవచ్చు.
నియమం 3: మనిషిని తిట్టడం, ఇంట్లోవాళ్లను లాగడం, కులం, మతం, ప్రాంతం పేరుతో అనడం కుదరదు.
నియమం 4: ఒకరి ఫోటో, ఫోన్ నంబరు, సీసీటీవీ క్లిప్ వాళ్లనడగకుండా పెట్టకూడదు.
నియమం 5: పార్టీల ప్రచారం వద్దు, ఏ పార్టీ అయినా.
నియమం 6: అడ్మిన్ నిర్ణయం నచ్చకపోతే ఇంకో అడ్మిన్‌కు చెప్పండి, ఆ అడ్మిన్ మళ్లీ చూస్తారు.

రెండో నియమం మర్చిపోకుండా పెట్టండి. మిగతావాటిలో చాలావరకు సభ్యుల నోటికి తాళం వేసేవే, ఇది అడ్మిన్ చేతికి వేసేది. చాలా గ్రూపుల నియమాల్లో కనిపించనిది కూడా ఇదే.

అమల్లోకి తెచ్చే ముందు గ్రూపులో పెట్టి, మార్పులుంటే చెప్పమని ఒక వారం గడువివ్వండి. తర్వాత పోల్ పెట్టండి. ఎవరూ పట్టించుకోకపోయినా పోల్ పెట్టడం మానొద్దు. రేపు ఎవరైనా "ఇవి ఎవరు పెట్టిన రూల్స్?" అంటే చూపించడానికి ఉండాలి. అయ్యాక నియమాల మెసేజ్‌ను పిన్ చేయండి. పిన్ గరిష్ఠంగా 30 రోజులే ఉంటుంది కాబట్టి ఒకటో తేదీన మళ్లీ పిన్ చేయడం అలవాటు చేసుకోండి.

బ్యాచ్ గ్రూపు అయితే ఇంత బిగింపు అక్కర్లేదు. అక్కడ "ఏరా వెధవా" అంటేనే పలకరింపు. కానీ నియమం 3లో ఇంట్లోవాళ్ల సంగతి, కులం సంగతి అక్కడా ఉంచండి. పాతికేళ్ల స్నేహాలు ఆ రెండింటి దగ్గరే తెగుతున్నాయి.

4. సెట్టింగ్స్ సరిచూసుకోండి

గ్రూపు పేరు మీద నొక్కి, కిందకు వెళ్తే గ్రూప్ పర్మిషన్స్ కనిపిస్తాయి.

పేరు, డిస్క్రిప్షన్ మార్చే అవకాశం అడ్మిన్లకే ఉంచండి. కొత్తవాళ్లను చేర్చేటప్పుడు అడ్మిన్ ఒప్పుకోవాలన్న ఆప్షన్ ఆన్ చేయండి. ఇన్వైట్ లింకు బయటికి పాకిపోయిన గ్రూపుల్లోకే లోన్ యాప్ వాళ్లూ ట్రేడింగ్ టిప్స్ వాళ్లూ దూరుతున్నారు. లింకు పాకిందని అనుమానమొస్తే రీసెట్ చేయండి, పాతది పనిచేయదు.

అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టగలిగే సెట్టింగ్ 2018 నుంచి ఉంది. చర్చల గ్రూపుకు దాన్ని శాశ్వతంగా పెట్టొద్దు. గొడవ ముదిరిన రాత్రి పెట్టి, "రేపు ఉదయం ఎనిమిదింటికి తెరుస్తాం" అని టైము చెప్పి మూయండి, చెప్పిన టైముకు తెరవండి. టైము చెప్పకుండా మూస్తే మర్నాటికి ఇంకో గ్రూపు పుడుతుంది, అందులో మీరుండరు.

ఆ సెట్టింగ్ నోటీసుల గ్రూపుకు మాత్రం సరిగ్గా సరిపోతుంది. "రేపు 10 నుంచి 2 వరకు నీళ్లు రావు", "ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు", "జనరల్ బాడీ మీటింగ్ ఆదివారం". ఈ గ్రూపు నుంచి ఎవర్నీ ఎప్పుడూ తీసేయకూడదు. చర్చలో నోరు జారినవాళ్లకు నీళ్ల కబురు కూడా అందకుండా చేయడం శిక్ష కాదు, కక్ష. మెయింటెనెన్స్ కడుతున్న మనిషికి ఆ సమాచారం హక్కు. ఈ ఒక్క ఏర్పాటుతో సగం పంచాయితీలు తగ్గిపోతాయి.

5. మెసేజ్ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

అసలు పని ఇక్కడుంది. సాధారణంగా గొడవ మెసేజ్‌లో రెండు మూడు రకాల మాటలు కలిసి ఉంటాయి. వాటిని విడదీయగలిగితే మీ పని దాదాపు అయిపోయినట్టే. ఒకే మనిషి ఒక రాత్రి వరసగా ఈ మూడూ పెట్టాడనుకోండి:

మొదటిది: "మూడు నెలలుగా బి బ్లాక్ లిఫ్ట్ రిపేరు చేయించరు. మెయింటెనెన్స్ మాత్రం ఐదో తారీఖుకల్లా కావాలి. లెక్కలు ఎందుకు పెట్టట్లేదు?"

రెండోది: "అడిగితే పలకరు. కమిటీలో డబ్బులు తినేస్తున్నారు."

మూడోది: "ట్రెజరర్ గాడి పెళ్లాం మెడలో కొత్త హారం చూస్తే తెలియదా ఎక్కడికి పోతున్నాయో?"

మొదటిదాన్ని ముట్టుకోవద్దు. గొంతు కటువుగా ఉందని తీసేస్తే రెండో నియమం అర్థం లేనిదవుతుంది. రెండోది ఆరోపణ. దీన్ని కూడా నేనైతే తీయను, ఆధారం అడుగుతాను: "ఏ ఖర్చు మీద అనుమానమో చెప్పండి. ట్రెజరర్ గారు ఆదివారంలోగా ఆ బిల్లులు పెడతారు." ఆధారం చూపకుండా అదే మాట మళ్లీ మళ్లీ పెడుతుంటే అప్పుడు ఆపండి. మూడోది తీసేయాలి, ఆలోచించే పని లేదు. సంబంధం లేని ఆవిడను లాగారు.

తీసే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. అడ్మిన్ డిలీట్ చేస్తే ఫలానా అడ్మిన్ తీసేశారని అక్కడ మీ పేరుతో కనిపిస్తుంది, ఏముందో మాత్రం కనిపించదు. చూడనివాళ్లంతా లిఫ్ట్ గురించి అడిగినందుకే తీసేశారనుకుంటారు. అందుకే వెంటనే గ్రూపులో ఇలా రాయండి:

"పై మెసేజ్‌ను 3వ నియమం కింద తీసేశాను. ఇంట్లోవాళ్ల ప్రస్తావన ఉంది. లిఫ్ట్, లెక్కల గురించి అడిగిన మెసేజ్‌లు అలాగే ఉన్నాయి, వాటికి జవాబు కావాలి. ట్రెజరర్ గారూ, ఆదివారంలోగా ఇవ్వగలరా?"

ఆఖరి వాక్యం వదిలేయకండి. తిట్టు తీసేసినప్పుడు దాంతోపాటు ప్రశ్న కూడా మాయమైపోవడమే సభ్యులకు మంట పుట్టిస్తుంది. నిజంగా డబ్బు తిన్నవాడు ఎవరైనా ఉంటే వాడికి కావలసిందీ అదే: ఎదుటివాడు నోరు జారాలి, చర్చ అంతా ఆ జారిన మాట మీదికి పోవాలి.

తర్వాత ఆ మనిషికి విడిగా రాయండి. పెద్దాయన, మీరు చిన్నవాళ్లు అనుకుందాం:

"అంకుల్ నమస్తే. లిఫ్ట్ గురించి మీరడిగింది కరెక్టే, అది గ్రూపులోనే ఉంచాను. ఆఖరి మెసేజ్‌లో ఆంటీ ప్రస్తావన వచ్చింది, అదొక్కటే తీసేశాను. లెక్కలకు ఆదివారంలోగా జవాబు అడిగాను. రాకపోతే నేనే మళ్లీ అడుగుతాను."

"మీ వల్ల గ్రూపు వాతావరణం పాడవుతోంది" లాంటివి రాయకండి. ఆ ఒక్క వాక్యం స్క్రీన్‌షాట్ అయి తిరుగుతుంది. అసలు విడిగా రాసేది ఏదైనా రేపు గ్రూపులో పడుతుందనుకునే రాయండి. అవతలి వ్యక్తి ఫోన్లో మాట్లాడే రకమైతే ఫోన్ చేయండి. రాసిన మాట కన్నా గొంతు చల్లగా ఉంటుంది.

6. గోరుతో పోయేదానికి గొడ్డలి వద్దు

ఈ వరస పాటించండి. ఒక మెట్టు దాటి పైకి ఎక్కాలంటే కింది మెట్టు వాడి ఉండాలి (పైన చూసిన మూడో మెసేజ్ లాంటిదాన్ని తీసేయడానికి మాత్రం ఆగక్కర్లేదు).

ముందు పేరెత్తకుండా గ్రూపులో గుర్తుచేయడం. తర్వాత విడిగా చెప్పడం. తర్వాత మెసేజ్ తీసేసి కారణం చెప్పడం. తర్వాత ఏడు రోజులు చర్చ గ్రూపు నుంచి బయట. మళ్లీ అదే జరిగితే నెల. ఆపైన ఏం చేయాలన్నది ముగ్గురు అడ్మిన్లూ కలిసి తేల్చాలి, ఒక్కరు కాదు.

ఒక్క మనిషిని మాత్రమే మ్యూట్ చేసే వీలు వాట్సాప్‌లో లేదు, అందుకే కొన్నాళ్లు బయట పెట్టడం తప్పదు. టెలిగ్రామ్‌లో ఆ వీలుంది, మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య ఇంత వ్యవధి ఉండాలని పెట్టే స్లో మోడ్ కూడా ఉంది. పెద్ద గ్రూపులకు అది నయం. మన పెద్దవాళ్లు కొత్త యాప్‌కు రారనుకుంటే వాట్సాప్‌లోనే కానివ్వండి.

బయట పెట్టేటప్పుడు తిరిగి చేర్చే తేదీ చెప్పండి, ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. ఆ తేదీన వాళ్లు అడగక ముందే మీరే చేర్చండి. వాళ్ల ప్రైవసీ సెట్టింగ్ వల్ల నేరుగా చేర్చడం కుదరకపోతే వాళ్లకు విడిగా ఇన్వైట్ పంపండి. "వారం అన్నారు, నెలయినా చేర్చలేదు" అన్న మాట చాలా చోట్ల వింటున్నాను. కావాలని చేసింది కాకపోవచ్చు, మర్చిపోయి ఉంటారు. బయటున్న మనిషికి ఆ తేడా తెలియదు.

*మెట్లు ఎక్కకుండా వెంటనే తీసేయాల్సినవి కొన్ని ఉన్నాయి:*

ఏపీకే ఫైలు, అంటే తెరిస్తే ఫోన్లోకి యాప్‌ను ఎక్కించే ఫైలు. ట్రాఫిక్ చలాను, ప్రభుత్వ పథకం, పెళ్లి శుభలేఖ పేర్లతో ఇవి వస్తున్నాయి. పంపింది మీకు బాగా తెలిసినవాళ్లే అయినా, వాళ్ల ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉంటుంది. ఫైలు డిలీట్ చేసి, ఆ నంబరును గ్రూపు నుంచి తీసి, ఎవరూ తెరవొద్దని రాసి, ఆ మనిషికి మామూలు కాల్ చేయండి. ఎవరికైనా డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఆలస్యం చేయవద్దు. ఇది శిక్ష కాదని, ఫోన్ బాగయ్యాక చేరుస్తామని గ్రూపులో స్పష్టంగా చెప్పండి. లేకపోతే పాపం ఆయన పరువు పోతుంది.

చంపుతాననో కొడతాననో బెదిరింపు, ఒక ఆడమనిషి ప్రైవేటు ఫోటో. మెసేజ్, మనిషి, రెండూ వెంటనే బయటికి. బెదిరింపు అయితే బాధితులకు అవసరమవుతుంది కాబట్టి స్క్రీన్‌షాట్ ఉంచండి. ప్రైవేటు ఫోటో అయితే ఆవిడను అడగకుండా కాపీ దాచకండి, ఎవరు, ఎప్పుడు పెట్టారో రాసుకుంటే చాలు.

పిల్లల లైంగిక దృశ్యాలు. వీటి సంగతి వేరు. ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద దాచుకోవడం, పంచుకోవడం కూడా నేరమే. ఆధారం కోసమని స్క్రీన్‌షాట్ తీయొద్దు, తోటి అడ్మిన్‌కు కూడా పంపొద్దు. పోలీసులకు గానీ జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ చెప్పండి.

కులం పేరుతో దూషణ. తీసేసి "సర్దుకుపోండి" అని బాధితుడికి చెప్పడం చాలా గ్రూపుల్లో జరిగేదే. అది మీ పని కాదు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. ఆయనడిగితే స్క్రీన్‌షాట్ ఇవ్వండి.

7. గొడవలో మీరే ఉంటే చేయి వెనక్కి తీసుకోండి

మిమ్మల్నే అన్నారు. లేదా మీ బావగారిని, మీ ఫ్లోర్ వాళ్లను అన్నారు. అప్పుడు డిలీట్ బటన్ మీది కాదు. అడ్మిన్ల గ్రూపులో "నేను ఇందులో ఉన్నాను, మీరిద్దరూ చూడండి" అని రాసి ఊరుకోండి. జవాబు ఇవ్వాలనిపిస్తే మామూలు సభ్యుడిలా ఇవ్వండి.

వికీపీడియాలో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది: వాదనలో తానూ ఒక పక్షమైన నిర్వాహకుడు ఆ వాదనలో నిర్వాహక అధికారాలు వాడకూడదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ పేరే రచ్చబండ. అక్కడ ఒక వాడుకరిని నిరోధిస్తే ఎవరు నిరోధించారు, ఎంతకాలానికి, ఎందుకు అన్నది చిట్టాలో ఎవరైనా చూసుకోవచ్చు. మన వాట్సాప్‌లో ఆ చిట్టా తనంతట తాను తయారు కాదు కాబట్టి మనమే రాసుకోవాలి.

8. రాసుకోవడం, మళ్లీ చూడడం

పట్టికలో ఐదు గళ్లు చాలు: తేదీ, ఫ్లాట్ నంబరు, ఏ నియమం, ఏం చేశారు, ఏ అడ్మిన్ చేశారు. ఫోన్ నంబర్లు, తిట్లు అందులోకి ఎక్కించొద్దు. ఎవరైనా అభ్యంతరం చెబితే ఆరో గడిలో ఎవరు మళ్లీ చూశారో, ఏం తేలిందో రాయండి. మొదట చర్య తీసుకున్న అడ్మిన్ మళ్లీ చూడకూడదు.

రెండు రోజుల్లో జవాబు చెప్పండి. నిర్ణయం మారితే గ్రూపులోనే చెప్పండి: "నిన్న తీసేసిన మెసేజ్ నియమాలకు లోబడే ఉంది, ఆయన్ని మళ్లీ పెట్టమన్నాం." ఇలా చెప్పడం వల్ల అడ్మిన్ల పరువేమీ పోదు. చెప్పకుండా నొక్కేస్తేనే పోతుంది.

ఎన్నికలు, ఫార్వర్డ్‌లు, హీరోలు

ఎన్నికల ముందు నియమం 5 గుర్తుచేయండి. షెడ్యూలు వచ్చిన రోజే చేయండి, ఫలానా పార్టీ పోస్టు పడ్డాక కాదు. పడ్డాక చేస్తే ఆ పార్టీ వాళ్లకు మీరు రెండో పార్టీ మనిషి. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం ఆగాలన్నది ఎన్నికల చట్టంలోనే ఉంది కాబట్టి ఆ రెండు రోజులూ ఎవరితోనూ వాదన పెట్టుకోకుండా ఆపేయండి. అభ్యర్థి కాలనీ రోడ్డు వేయిస్తానన్నాడు, అది పెట్టొచ్చా? రోడ్డు గురించి చర్చ పెట్టొచ్చు, పోస్టరు పెట్టకూడదు. ఇలాంటి అంచు కేసులు మొదట ఎలా తేల్చారో పట్టికలో రాసుకోండి, రెండోసారి అవతలి పార్టీ వచ్చినప్పుడు అదే తేల్చాలి.

ఫార్వర్డ్‌లలో రెండు బాణాల గుర్తు చూడండి. చాలాసార్లు ఫార్వర్డ్ అయినదానికే అది పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపే వీలు. ఆ గుర్తున్న ఆరోగ్య చిట్కా, కిడ్నాప్ ముఠా వార్త, బ్యాంకు రూలు ఏదైనా సరే, ఎక్కడిదో చెప్పమని పెట్టినవాళ్లను అడగండి. మీరే తేల్చుకోవాలంటే, కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన వార్తలకు ఆ ప్రభుత్వ సమాచార సంస్థ నడిపే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉంది, తెలుగులో ఫ్యాక్ట్‌లీ అనే నిజనిర్ధారణ వెబ్‌సైటు ఉంది. అబద్ధమని తేలితే తీసేయడం కన్నా దానికిందే రిప్లయ్‌గా నిజం పెట్టడం మేలు. అప్పటికే అది నలుగురి ఇళ్లకు చేరిపోయి ఉంటుంది.

హీరోల గొడవకు వేరే నియమం అక్కర్లేదు. నియమం 1 చాలు.

అడ్మిన్‌ను పోలీసులు పట్టుకుంటారా?

ఈ భయంతోనే చాలామంది కనిపించినదల్లా తీసేస్తుంటారు. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు అడ్మిన్‌ను, అడ్మిన్ అయినంత మాత్రాన, బాధ్యుణ్ని చేయలేమని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2021లో చెప్పింది. అడ్మిన్ చేతిలో ఉన్నది చేర్చడం, తీసేయడం మాత్రమేనని, ఇద్దరూ కలిసి ముందే అనుకుని చేసినట్టుంటే తప్ప అతని మీద నేరం మోపలేమని దాని సారాంశం. 2022లో కేరళ హైకోర్టు కూడా అదే దారిలో తీర్పిచ్చింది. అలాగని ధీమాగా ఉండొద్దు. మీరే పోస్టు పెడితే, మీరే ఎగదోస్తే ఈ తీర్పులు కాపాడవు. కేసు దాకా వచ్చినట్టనిపిస్తే లాయర్‌ను కలవండి, ఇక్కడ చదివింది పట్టుకుని వెళ్లకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఇద్దరు తిట్టుకుంటే ఇద్దర్నీ తీసేసి "సమన్యాయం" అనుకోవడం. మొదలుపెట్టినవాడికీ బదులిచ్చినవాడికీ ఒకే శిక్ష వేస్తే, రేపటి నుంచి మొదలుపెట్టడానికి ఎవడూ జంకడు. పైకి ఎక్కి మొదటి మెసేజ్ నుంచి చదవండి.

ఎవరు ముందు ఫోన్ చేస్తే వాళ్ల మాట నమ్మడం. ఫిర్యాదు చేసినవాళ్లకు "చూస్తాను" తప్ప ఇంకేం చెప్పొద్దు.

చనువున్నవాళ్లకు విడిగా ఫోన్లో చెప్పి, చనువు లేనివాళ్లకు గ్రూపులో చెప్పడం. ఇది దాదాపు అందరూ చేస్తారు, ఎవరూ పక్షపాతమనుకోరు. ఒకరికి చీవాట్లు ఇంట్లో, ఇంకొకరికి బజార్లో. ఇద్దరికీ ఒకే దారి ఉండాలి.

అర్ధరాత్రి నిర్ణయాలు. ఏపీకే ఫైలు, బెదిరింపు లాంటివి కాకపోతే పొద్దున చూడొచ్చు.

గ్రూపులో మెసేజ్ పెట్టి, నచ్చని రిప్లయ్ రాగానే "చర్చ ముగిసింది" అనడం. చివరి మాట మీదే కావాలనుకుంటే మీరు అడ్మిన్‌గా కాదు, వాదించేవాడిగా ఉన్నట్టు.

సరిగ్గా చేస్తున్నారో లేదో ఎలా చూసుకోవాలి

చర్య తీసుకునే ముందు: అదే మెసేజ్ మీకు బాగా నచ్చే మనిషి పెట్టి ఉంటే ఏం చేసేవారు? జవాబు మారితే చేయి ఆపండి, ఇంకో అడ్మిన్‌కు ఇవ్వండి.

నెలకోసారి: గ్రూపు సెర్చ్‌లో మీరు ఎవర్నైనా ఏ మాటకు ఆపారో ఆ మాటే కొట్టి చూడండి. అదే మాట వేరేవాళ్లు వాడినప్పుడు ఏం చేశారు? పట్టికలో మీరు చేసినవే కనిపిస్తాయి, చేయకుండా వదిలేసినవి సెర్చ్‌లోనే దొరుకుతాయి. పట్టికలో ఒకే ఫ్లాటు పదే పదే కనిపిస్తే అది ఆ మనిషి నోటి దురుసు కావచ్చు, మీ చూపు కావచ్చు. ఏదో ఈ సెర్చ్ తేలుస్తుంది.

మూడు నెలలకోసారి: బయటికి వెళ్లినవాళ్ల జాబితా చూడండి. ఇటీవల, అంటే 60 రోజుల్లో, గ్రూపు వదిలినవాళ్ల పేర్లు సభ్యుల పట్టిక చివర ఉంటాయి. ఇల్లు మారినవాళ్లను వదిలేసి మిగతావాళ్లలో ఇద్దరికి ఫోన్ చేసి ఎందుకెళ్లారో అడగండి. సంజాయిషీ ఇవ్వొద్దు, వినండి. అలాగే గ్రూపులోనే ఉండి మాట్లాడడం మానేసినవాళ్లు ఎవరో చూడండి. అద్దెకుండేవాళ్లంతా మౌనంగా ఉంటే, ఆడవాళ్లంతా మౌనంగా ఉంటే, గ్రూపు ప్రశాంతంగా ఉందని సంతోషించే పని లేదు.

మీరు ఆపిన మనిషిని కూడా అడగండి: "కారణం అర్థమైందా?" ఒప్పుకున్నారా అని అడగొద్దు. ఒప్పుకోరు, అది మామూలే. ఏ నియమమో, ఏ మాటో వాళ్ల నోటితో వాళ్లు చెప్పగలిగితే మీరు సరిగ్గా చెప్పినట్టు. "ప్రెసిడెంటుకు నేనంటే పడదు" అన్నారంటే 5వ మెట్టు మళ్లీ చదవండి.

దిగిపోయేటప్పుడు

ఏడాదికోసారి జనరల్ బాడీ రోజే అడ్మిన్లను కూడా మార్చండి. ముగ్గురినీ ఒకేసారి మార్చొద్దు, పాతవారొకరుండాలి. కొత్తవాళ్లను అడ్మిన్ చేసి, పట్టిక వాళ్లకిచ్చి, స్క్రీన్‌షాట్లలో పని అయిపోయినవి మీ ఫోన్లోంచి తీసేసి, అప్పుడు మీ అడ్మిన్ హోదా తీయించుకోండి. ఎవరినీ అడ్మిన్ చేయకుండా ఉన్న ఒక్క అడ్మినూ గ్రూపు వదిలేస్తే వాట్సాప్ ఎవరో ఒక సభ్యుణ్ని తానే అడ్మిన్ చేసేస్తుంది. అది ట్రెజరర్ గారి పక్కింటాయనా, హారం సంగతి రాసిన అంకులా అన్నది మీ చేతిలో ఉండదు.